మసకబారిన చిత్రములు – వాని పరిష్కరణ చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ముఖచిత్రముగా నుంచుటకై, ఇరువదియైదేండ్ల క్రిందట ప్రారంభోత్సవమునాడు తీసిన ఛాయాచిత్రమును కార్యవర్గమువారు వెదకించిరి. లభించినది ఒక్కటే. అందు, తన యింటి పుస్తకములన్నియు గ్రంథాలయమునకు ధారవోసిన మాస్టారుగారు వాకిట నిలుచుండి తాళము తీయుచున్నారు. ఫోటో తీసినవారి చేయి కదలినందున చిత్రమంతయు మసకబారినది. మాస్టారుగారు కీర్తిశేషులై చాలకాలమైనది. వారిది వేరొక చిత్రము మనకడ లేదు.

పట్టణమున చదువుకొనుచున్న మా యన్నగారి కుమారుడు ఆ చిత్రమును సెల్‌ఫోనులోని యొక సాఫ్టువేరున కిచ్చి, క్షణములో తేటపరచి తెచ్చెను. మీసపు వెండ్రుకలు సైతము లెక్కింపదగినట్లుండెను. అందరమును సంతోషించితిమి. దానిని మాస్టారుగారి చెల్లెలికి చూపుటకు నేనే స్వయముగా వెళ్లితిని. ఎనుబదియేండ్లు దాటిన ఆ వృద్ధురాలు కళ్లద్దములు సవరించుకొని చూచి, "చాలా బాగున్నాడు నాయనా, ఎవరితను?" అని యడిగెను. మారుమాటాడక మసక చిత్రమును చేతికిచ్చితిని. "ఇదుగో మా అన్నయ్య!" అని ఆమె కంట నీరు పెట్టుకొనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తేటయైన చిత్రము అబద్ధమై, మసక చిత్రము నిజమగుట యెట్లు? ఈ సందేహము తీర్చుకొనుటకై ఈ విద్యయొక్క పుట్టుపూర్వోత్తరములను కొన్ని మాసములు చదివితిని. తెలిసికొన్నంతవరకు చదువరులకు విన్నవించుచున్నాను.

మసక యననేమి? వెలుగు తన చోట పడక చెదరుటయే. ఎదుటి వస్తువునందలి యొక్కొక్క బిందువునుండి వచ్చు కాంతి కెమేరాలో నొక్కొక్క బిందువుగనే పడవలెను. కటకము సరిగా కుదురనిచో ఆ బిందువు బిళ్లవలె విప్పారును. చేయి కదలినచో గీతవలె సాగును. రాత్రివేళ దీపముల వరుసను వణకు చేతితో ఫోటో తీసినచో, దీపములన్నియు ఒకే తీరు వంకరగీతలుగా పడుట మీరు చూచియుందురు. ఆ గీతయే ఆ చిత్రపు మసకయొక్క ఆకారము. చిత్రమునందలి ప్రతి బిందువును ఆ యాకారముతోనే సాగి, పక్కబిందువులతో కలిసిపోవును. చాలవరకు కలిసిపోయినదే గాని నశించినది కాదు. ఆ యాకారము తెలిసినచో మూలమును గణితముచే తిరిగి రాబట్టవచ్చును. లబ్ధమును, గుణకమును తెలిసినప్పుడు గుణ్యమును భాగహారముచే కనుగొనుట వంటిది. అయితే ప్రతి చిత్రమునను ఇసుక చల్లినట్లు కొంత కల్మషముండును. భాజకము మిక్కిలి చిన్నదైనచోట స్వల్పమైన కల్మషమును కొండంతలగును. ఈ విద్యలోని చిక్కంతయు నిచ్చటనే యున్నది.

గణితము రాకముందు కుంచె యుండెను. కెమేరాతో తీసిన చిత్రములలో నేడు నిలిచియున్న మిక్కిలి ప్రాచీనమైనది ఫ్రాన్సు దేశీయుడైన నియెప్సు 1826-27 ప్రాంతమున తన యింటి కిటికీనుండి తీసినది. మరుగునపడిన ఆ లోహపు పలకను 1952లో చరిత్రకారుడు గెర్న్‌షీము తిరిగి వెలుగులోనికి దెచ్చెను. దాని నకలు మచ్చలమయముగా వచ్చుటచే, ఆయన దానిని నీటిరంగులతో దిద్దెను. ఏండ్ల తరబడి పుస్తకములలో లోకము చూచినది ఆ దిద్దిన ప్రతినే!

1930 దశకమునాటికే చీకటిగదులలో వేరొక ఉపాయముండెను. నెగటివునుండి కావలెనని మసకగా నొక పాజిటివు చేసి, రెండింటిని జోడించి ముద్రించినచో అంచులకడ నలుపు తెలుపుల భేదము పెరిగి చిత్రము తేటగా తోచెడిది. దీనికి అన్‌షార్ప్ మాస్కింగ్ అని పేరు. నేటి సాఫ్టువేరులలోను ఆ పేరే నిలిచినది. ఇది క్రొత్త వివరమును తేదు. ఉన్నదానిని గట్టిగా పలికించును.

కల్మషముతో కలిసిన సంకేతమునుండి మూలమును ఎంతవరకు నమ్మి గ్రహింపవచ్చునో లెక్కగట్టు మార్గమును అమెరికా గణితజ్ఞుడు నార్బర్ట్ వీనరు 1949లో గ్రంథరూపమున ప్రకటించెను. 1964 జూలై 31న రేంజర్-7 నౌక చంద్రునిపై పడి ధ్వంసమగుటకు ముందు పంపిన చిత్రములను కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారు కంప్యూటరుచే సవరించిరి. పిమ్మట 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఒకే పద్ధతిని చూపిరి. ముందొక ఊహాచిత్రమును గైకొనుట. తెలిసిన మసకతో దానిని తామే మసకబరచుట. వచ్చినదానిని కెమేరా తీసిన చిత్రముతో పోల్చుట. తేడానుబట్టి ఊహను దిద్దుట. ఇట్లు పలుమారులు చేయుట. చిట్టాకును ఖాతాకును పొత్తు కుదురువరకు సరిచూచు నావంటివానికి ఇది క్రొత్త పని కాదు.

ఈ పద్ధతికి అగ్నిపరీక్ష 1990లో వచ్చెను. ఆ యేడు ఏప్రిల్ 24న హబుల్ దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి. 2.4 మీటర్ల వ్యాసము గల దాని యద్దము అంచున సుమారు రెండు మైక్రాన్లు, అనగా తలవెండ్రుక మందములో ఏబదియవ వంతు, ఎక్కువగా అరగదీయబడినదని పిదప తేలెను. అద్దమును పరీక్షించు పరికరములో నొక భాగము 1.3 మిల్లీమీటర్లు తప్పి యమరుటయే కారణము. నక్షత్రములు చుక్కలుగా గాక, చుట్టును వెలుగు చెదరిన మచ్చలుగా కనబడెను. అయితే ఆ దోషమెట్టిదో కొలతకు అందినది. ఒక్క నక్షత్రము ఎట్లు చెదరునో తెలిసినచో, తక్కినవన్నియు అట్లే చెదరును గదా! కనుక శాస్త్రజ్ఞులు పైచెప్పిన పద్ధతులతో అనేక చిత్రములను తేటపరచిరి. కాని మిక్కిలి మందకాంతి గలవానిని గణితము రాబట్టలేకపోయెను. 1993 డిసెంబరులో వ్యోమగాములు స్వయముగా వెళ్లి, దోషమును సరిదిద్దు సాధనములను అమర్చిరి. అందని వెలుగును సాఫ్టువేరు సృష్టింపజాలదని హబుల్ మనకు నేర్పిన పాఠము.

ఆ 1990లోనే నోల్ సోదరులు రచించిన ఫోటోషాపు వెలువడి, ఈ విద్య సామాన్యుల బల్లమీదికి వచ్చెను. మసకయొక్క ఆకారము ముందుగా తెలియకున్నను, ఒక్క చిత్రమునుండియే దానిని ఊహించి చేతి వణకును తొలగించు మార్గమును ఫెర్గస్ మొదలగువారు 2006లో చూపిరి. 2013లో అట్టి సాధనము ఫోటోషాపులోను చేరెను. ఇంతవరకు జరిగినదంతయు, పడిన వెలుగును దాని చోటికి తిరిగి చేర్చు ప్రయత్నమే.

ఇటీవలి సాఫ్టువేరుల తీరు వేరు. వేలకొలది ముఖములను చూపి కంప్యూటరునకు నేర్పి, మసక ముఖమునకు సరిపోవు ముఖమును కల్పింపజేయుదురు. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు పల్స్ అను నట్టి సాఫ్టువేరును ప్రకటించిరి. అది అడ్డమునకు 16, నిలువునకు 16 చుక్కలు గల చిన్న ముఖమును అడ్డమునకు 1,024, నిలువునకు 1,024 చుక్కల ముఖముగా చేయును. లెక్క వేసి చూచితిని. ఇచ్చినవి 256 చుక్కలు, వచ్చినవి 10,48,576. ఒక్క చుక్కకు 4,096! అందొక్కటి మన జమ యనుకొన్నను, తక్కిన 4,095 ఎవరి ఖాతానుండి వచ్చినట్లు? ఎవరో మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామాగారి మసక చిత్రమును దానికీయగా, తెల్లవాని ముఖము వచ్చెను. ఇది మనిషిని గుర్తించుటకు పనికిరాదని దానిని చేసినవారే చెప్పియున్నారు. 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రపు న్యాయాధిపతి యొకరు, హత్యకేసులో ఇట్టి సాఫ్టువేరుచే తేటపరచిన వీడియోను సాక్ష్యముగా గైకొన నిరాకరించెను. మా యింటి కుర్రవాడు తెచ్చిన ముఖమును ఈ జాతిదే.

ఇది చదివినపుడు నాకు తాళపత్ర గ్రంథములు గుర్తునకు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర మన కావ్యముల ప్రతులను పెక్కింటిని సేకరించి, పండితులచే పాఠములను పోల్చి చూపించెను. ప్రతులు పలువున్నచోట పోల్చి సరియైన పాఠమును నిర్ణయించుట పరిష్కరణము. అన్ని ప్రతులలోను పురుగు తిన్నచోట, మంచి పరిష్కర్త చుక్కలుంచి గ్రంథపాతమని చెప్పును. తాను పూరించినచో అది తన పూరణమని తెలుపును. చెప్పక పూరించినచో అది ప్రక్షిప్తము. ఆ పూరించిన పాదమునకు గణములు సరిపోవచ్చును, యతిప్రాసలు కుదురవచ్చును. అయినను అది కవి పాదము కాదు. అట్లే ఆ కల్పిత ముఖమున కన్నులు, ముక్కు, మీసము అన్నియు కుదిరినవి; అది మాస్టారుగారి ముఖము మాత్రము కాదు.

నా వృత్తిధర్మమును ఇదియే చెప్పును. లెక్కలలో తప్పు పడినచో గీకివేయరాదు. పాత అంకె కనబడునట్లే కొట్టివేసి, సరియైనది పైన వ్రాసి సంతకము చేయవలెను. ఆధారము దొరకని పైకమును అనామతు ఖాతాలో నుంచవలెనే గాని, తోచిన పేరున వ్రాయరాదు.

ఈ సంగతులను కార్యవర్గమువారికి మనవి చేయగా వారు పెద్దమనసుతో అంగీకరించిరి. ముఖచిత్రముగా మసక చిత్రమునే యథాతథముగా వేయించినారు. చేతి వణకును మాత్రము తగ్గించిన ప్రతిని లోపలిపుటలో, సవరించినదని స్పష్టముగా వ్రాసి యుంచినారు. కల్పిత ముఖమును వేయలేదు. కుర్రవాడు మొదట చిన్నబుచ్చుకొన్నను, ఆ వణకు తగ్గించిన ప్రతిని ఓపికతో చేసినవాడు అతడే.

గ్రామస్థులకు నా విన్నపమొకటి. మీ యిండ్లలోని పాత ఫోటోలను పిల్లలచే తేటపరపించుకొనుడు, తప్పులేదు. కాని మూలమును పారవేయకుడు. వెనుకవైపున ఎవరు, ఎప్పుడు, ఎచ్చట అని పెన్సిలుతో వ్రాయుడు. దిద్దిన ప్రతిపై దిద్దినదని వ్రాయుడు. ఆ వ్యక్తి నెరిగిన పెద్దలు జీవించియుండగనే వారికి చూపుడు. వారి కన్నులను మించిన పరిష్కర్తలు లేరు.

మాస్టారుగారు తెరచిన తలుపు మరి నూరేండ్లు తెరచియే యుండుగాక!