ఎలుకల మందు కథ: అగ్గిపుల్ల నుంచి లివర్ దాకా

పోస్టు కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

వరి పొట్టకొచ్చిందంటే మనకి ఎలుకల బెంగ పట్టుకుంటుంది. గట్ల నిండా కన్నాలు, కొరికి పడేసిన దుబ్బులు. వెనకటికి యానాదులు వచ్చి కన్నాలకి పొగబెట్టి ఎలుకల్ని పట్టేవాళ్లు. తర్వాత తర్వాత ఆ పని కొట్లో దొరికే మందుకి అప్పజెప్పాం. వాటిలో ట్యూబులో వచ్చే పేస్టు ఉంది చూశారా, దాని చరిత్ర మనం తెలుసుకోవాలి.

ఆ పేస్టులో ఉండేది పసుపు భాస్వరం, మామూలుగా 3 శాతం. డీఏపీలో ఉండేది కూడా భాస్వరమే కదా అనుకోకండి. అది ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది, పైరుకి తిండి. ఇది వేరు, అచ్చమైన విషం. 1669లో జర్మనీలోని హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామని మూత్రాన్ని మరగబెడితే, చీకట్లో మెరిసే ఈ పదార్థం బయటపడింది.

19వ శతాబ్దంలో దీన్ని అగ్గిపుల్లలకి వాడారు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లకి, పిల్లలకి దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లలు సమ్మె చేశారు. 1906లో బెర్న్‌లో కొన్ని దేశాలు కలిసి ఆ అగ్గిపుల్లల్ని ఆపేయాలని ఒప్పందం రాసుకున్నాయి. మన దేశంలో కూడా 1913లోనే వాటిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కానీ అదే భాస్వరం ఎలుకల పేస్టు రూపంలో ఇంకో వందేళ్లు మన కొట్లలో అమ్ముడవుతూనే వచ్చింది. తమిళనాట ఈ పేస్టుతో లివర్ చెడి చనిపోయేవాళ్లు ఎక్కువవడంతో, డాక్టర్లు గట్టిగా అడిగారు. 2023లో అక్కడి ప్రభుత్వం దాన్ని శాశ్వతంగా నిషేధించింది.

ఇది మనిషిని మోసం చేసే విషం. లోపలికి వెళ్లిన రోజు వాంతులు, కడుపునొప్పి. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు మనిషి బాగానే కనిపిస్తాడు, అన్నం తింటాడు. "గండం గడిచింది" అనుకుని ఇంటికి తెచ్చేసుకుంటాం. ఆ రోజుల్లోనే లోపల లివర్ కణాలు చచ్చిపోతుంటాయి. తర్వాత కళ్లు పచ్చబడతాయి, రక్తం గడ్డకట్టదు, మాట తడబడుతుంది. అప్పుడు మామూలు పచ్చకామెర్లనుకుని పసరు మందుకి తీసుకెళ్తే, ఉన్న కాస్త టైమూ పోతుంది. దీనికి విరుగుడు లేదు. లివర్ పూర్తిగా దెబ్బతింటే మార్పిడి దాకా వెళ్లాలి. అది మన చేతిలో ఉన్న ఖర్చేనా?

ఇంకో రకం మందు కథ మనలాంటి రైతుతోనే మొదలైంది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు, బూజుపట్టిన గడ్డి తిని పశువులు రక్తం కారి చస్తుంటే, గడ్డకట్టని రక్తాన్ని క్యానులో పోసుకుని మంచులో పడి యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ బృందం కారణం కనిపెట్టింది. దాని నుంచే 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా వచ్చింది. ఇప్పుడు మనం వాడే బ్రోమడయోలోన్ బిళ్లలు ఆ కోవలోవే. అవీ విషమే, కానీ వాటికి విటమిన్ కె అనే విరుగుడుంది.

కాబట్టి ఒకటే మాట. పేస్టు ట్యూబు ఇంట్లో పెట్టకండి. పళ్లపేస్టులాగే ఉంటుంది, చిన్నపిల్లలకి, కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లకి తేడా తెలీదు. పొలంలో బుట్టలు, బోనులు పెట్టండి, ఊరంతా ఒకేసారి కలిసి పెట్టండి. ఎవరైనా మందు మింగితే, కోపంలో మింగినా పొరపాటున మింగినా, వెంటనే 108కి ఫోన్ చేయండి. ట్యూబు గానీ అట్ట గానీ కూడా పట్టుకెళ్లండి. వాంతులు తగ్గాయి కదా అని మూడో రోజు ఇంటికి తెచ్చేయకండి, లివర్ పరీక్షలు అయ్యేదాకా ఉండండి. మనసు బాగోక ఇబ్బంది పడేవాళ్లుంటే 14416కి ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు.

ఈ పోస్టు మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.