జడుసుకున్న పిల్లను కొట్టరు: మార్లవాయి బడి నుంచి మన హాస్టళ్ల దాకా

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి, ఇంట్ల బడికి పోయే తమ్ముళ్లు చెల్లెళ్లు ఉన్నోళ్లు తప్పకుండా చదవండి.

దసరా సెలవులు అయిపోయి హాస్టళ్లు తెరిచే రోజు మన టేకుమట్ల చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో ప్రతి ఏడూ ఒక ముచ్చట జరుగుతది. ట్రంకు పెట్టె ఆటోల పెట్టినంక పిల్లగాడు కనబడడు. చేన్ల పొంటి పోయి దాక్కుంటడు. తండ్రి వెతికి పట్టుకొచ్చి, రెండు దెబ్బలు వేసి ఎక్కిస్తడు. నాలుగు రోజులకు వాడు మళ్లా ఇంటికాడనే ఉంటడు. "వీడు పారిపోయే బాపతు" అని పేరు పడుతది. ఆ ఏడు కాకుంటే మరుసటేడు పత్తి ఏరుడుకో, మిర్చి ఏరుడుకో పోతడు. రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తరు.

మాలో కొంతమందిమి అట్ల పారిపోయి వచ్చినోళ్లమే. ఎందుకు వచ్చినవని ఆనాడు అడిగితే చెప్పడానికి మాటలు లేకుండె. సార్ కొడతడనో, అన్నం బాగలేదనో అన్నం. అసలు సంగతి అది కాదు. ఒకడికి తండ్రి చనిపోయి నెల కూడా కాలేదు. ఇంకొకడికి రాత్రి లైట్లు ఆర్పితే ఊపిరి ఆడకపోయేది. అడిగినోళ్లు లేరు, చెప్పే ధైర్యం మాకు లేదు.

మన పెద్దోళ్లకు ఈ విషయం తెలుసు. పిల్ల ఉలిక్కిపడి లేస్తుంటే, తిండి మానేస్తే, మాట తగ్గిస్తే "జడుసుకున్నది" అంటరు. జడుసుకున్న పిల్లను ఎవ్వరూ కొట్టరు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటరు, నీళ్లు తాగిస్తరు, తాయెత్తు కడతరు, పక్కల పండబెట్టుకుంటరు. తాయెత్తును నమ్ముడు నమ్మకపోవుడు వేరే సంగతి. కానీ ఆ పిల్లను ఒంటరిగా వదలరు. బడుల్లో "ట్రామా"ను అర్థం చేసుకొని పిల్లలతో మెలగాలని ఈ రోజు నిపుణులు చెప్పేదాంట్లో సగం మన అవ్వ చేసిందే. అదే పిల్ల బడి గేటు దాటంగనే జడుపు కాస్తా "మొండితనం" అయిపోతది. ఈ తేడా ఎక్కడ్నించి వచ్చిందో తెలవాలంటే మన తెలంగాణ చరిత్రలోనే ఒక బడి దగ్గరికి పోవాలి.

ఆ బడి మార్లవాయిలో ఉండేది. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని గోండు గూడెం అది.

ఆ బడి కంటే ముందు జరిగింది చెప్పుకోవాలి. ఆదిలాబాద్ అడవులను నిజాం సర్కారు రిజర్వు చేసుకుంటూ పోయింది. తరాలుగా దున్నుకున్న భూముల నుంచి గోండులను, కొలాములను వెళ్లగొట్టింది. గుడిసెలు కాలబెట్టారు, పంటలు గుంజుకున్నారు. కుమురం భీం ఎదురు తిరిగాడు. 1940లో జోడెఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో భీం, ఆయనతో పాటు మరికొందరు చనిపోయారు. ఆ గూడేల్లో పెరిగిన పిల్లలకు ఖాకీ బట్ట, చేతిలో కాగితం, తెలియని భాష మూడూ ఒకటే: ప్రమాదం. రేపు వాళ్లకు బడి పెడతామని అదే సర్కారు మనిషి వస్తే ఎవరు పంపుతరు?

భీం పోరాటం తర్వాతనే సర్కారుకు గోండుల గోస అర్థం చేసుకోవాల్సిన అవసరం వచ్చింది. ఆ పని మీద వచ్చినాయన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో శత్రుదేశస్తుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. ఆయన ముందు నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉన్నాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలోనే గుడిసెలో కాపురం పెట్టాడు, గోండి నేర్చుకున్నాడు.

1943లో అక్కడ గోండుల విద్యా పథకం మొదలైంది. దాన్ని ఈనాటి కళ్లతో చూస్తే మూడు సంగతులు కనబడతయ్.

ఒకటి, సార్లు బయటోళ్లు కాదు. కాస్తో కూస్తో చదవడం వచ్చిన గోండు యువకులను వెతికి, మార్లవాయి శిక్షణ కేంద్రంలో తయారుచేసి ఊర్లకు పంపారు. పిల్ల ముందు నిలబడ్డ మనిషి బాబాయి వరసో, బావ వరసో అయ్యేటోడు. వాడిని చూసి పిల్ల జడుసుకోదు.

రెండు, మొదటి వాచకాలు గోండిలో. లిపి దేవనాగరి, మాట మాత్రం ఇంటి మాట. సొంత భాషలో చదవడం, రాయడం వచ్చినంకనే మరాఠీ, ఉర్దూ. బడిలో మొదటి రోజే పిల్ల నోరు మూతపడకుండా కాపాడిన పద్ధతి ఇది.

మూడోది చాలామంది మరిచిపోతరు. బడితో పాటు భూమి. వేలాది కుటుంబాలకు పట్టాలు ఇచ్చే పని కూడా ఆ ఏండ్లలోనే జరిగింది. రేపు మా గుడిసె ఉంటదా ఉండదా అన్న భయం ఇంట్లో ఉంటే పిల్లకు అక్షరం ఎక్కదు. ఇంటి భయాన్ని తీయకుండా బడి భయాన్ని తీయలేం.

హైమెండార్ఫ్‌ను దేవుణ్ని చేయాల్సిన పని లేదు. ఆయనను పంపింది భీంను చంపిన సర్కారే. ఆ బడి ఎవరి దయతోనూ రాలేదు, జోడెఘాట్‌లో పారిన నెత్తురు తెచ్చింది. అయినా ఆ దంపతులను గోండులు మరువలేదు. 1987లో బెట్టీ చనిపోయింది, 1995లో ఆయన పోయాడు. ఇద్దరి సమాధులు మార్లవాయిలోనే ఉన్నయి.

తర్వాత ఏమైంది? గోండి వాచకాలు పోయినయి. రాష్ట్రం మారింది, తెలుగు మాధ్యమం వచ్చింది, మైదానం నుంచి గోండి రాని సార్లు వచ్చారు. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర లాంటి 8 భాషల్లో 240 బడుల్లో మాతృభాష బోధన మొదలుపెట్టారు. అరవై ఏండ్ల కింద మార్లవాయిలో తెలిసిన సంగతినే మళ్లీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో పోయిన దేశాలూ ఉన్నయి. అమెరికాలో 1879లో కార్లైల్ అనే చోట ఆదివాసీ పిల్లలకు బోర్డింగ్ స్కూల్ పెట్టి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వలేదు. కెనడాలో ఇట్లాంటి బడుల్లో లక్షా యాభై వేల మందికి పైగా ఆదివాసీ పిల్లలు పెరిగారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. బడి వల్ల తగిలిన గాయం పిల్లలకు, మనుమలకు దాకా పోయిందని అక్కడి కమిషన్ 2015లో తేల్చింది. మన హాస్టళ్లు అవి కాదు. హాస్టల్, గురుకులం లేకుంటే మాలో సగం మందికి డిగ్రీ లేదు, ఆ రుణం ఒప్పుకుంటం. కానీ ఆరేండ్ల పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసి వందమంది మధ్యల పండబెట్టినప్పుడు పిల్ల మనసుకు ఏమైతదో అడగాల్సిన బాధ్యత అందరి మీదా ఉంది.

ఇప్పుడు శరీరం సంగతి. పెద్ద భయం చూసిన పిల్ల ఒంట్లో గంట ఒకటి మోగుతనే ఉంటది. ఇంట్ల తాగి కొట్టుడు, తల్లో తండ్రో పోవుడు, అప్పులోళ్లు ఇంటి మీదికి వచ్చుడు ఏదైనా కావచ్చు. సార్ గట్టిగా అరిస్తే ఆ గంట ఇంకా పెద్దగా మోగుతది. అప్పుడు ఒకడు తిరగబడతడు, ఒకడు ఉరుకుతడు, ఒకడు కొయ్యబారిపోతడు. మనం వాళ్లకు పెట్టే పేర్లు: రౌడీ, పారిపోయేటోడు, మొద్దు. ముగ్గురికీ ఉన్నది ఒకటే భయం. ఆ స్థితిలో ఎక్కం అప్పజెప్పమంటే రాదు, కొడితే అసలే రాదు. కాబట్టి అడగాల్సిన మాట "నీకేం రోగం?" కాదు, "ఏమైంది బిడ్డా?" అని. జవాబు ఆ రోజే రావాలని పట్టుబట్టొద్దు. నలుగురి ముందు అడగొద్దు.

ఇది జాలి ముచ్చట కాదు, చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 29వ సెక్షన్‌లో వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని ఉంది. పిల్లను భయం, ఆందోళనతో పాటు ట్రామా నుంచి కూడా విముక్తి చేయాలని అదే సెక్షన్‌లో ఉంది. ఇంగ్లిష్ చట్టంలో ట్రామా అనే మాటనే వాడారు. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. బోధనేతర సిబ్బంది అంటే వంటామె, వాచ్‌మెన్ కూడా. ఇది చాలా పెద్ద మాట. ఎందుకంటే మాలో చాలామందిని హాస్టల్లో నిలబెట్టింది వంటామెనే. ఇంటి పేరుతో కాకుండా ముద్దు పేరుతో పిలిచి, ఇంకో గంటె పప్పు వేసిన మనిషి.

మరి మనం ఏం చేయాలె? ఈసారి సెలవుల తర్వాత మన టేకుమట్ల దిక్కు నుంచి హాస్టళ్లకు పోయే పిల్లల కోసం ఇవి అనుకున్నం:

1. చిన్న పిల్లలను మొదటిసారి తోలేటప్పుడు మనలో ఒకరం వెంట పోవాలె. పడుకునే చోటు, బాత్‌రూం, లైటు, ఇంటికి ఫోన్ చేసే రోజు ముందే చూపించి చెప్పాలె. ముందు తెలిసిన దాంతో భయం తగ్గుతది.

2. అదే హాస్టల్లో మన భాష మాట్లాడే పెద్ద విద్యార్థి ఒకరిని ఆ పిల్లకు తోడు అప్పజెప్పాలె. మార్లవాయి చేసింది ఇదే.

3. ఇంట్ల చావు జరిగితే దినాలు అయ్యేదాకా పిల్లను ఉంచుకునేటట్టు, పేరు కొట్టేయకుండా వార్డెన్‌తో మాట్లాడాలె. తిరిగి పోయినంక పదిరోజులు రోజూ ఒకరం ఫోన్ చేయాలె.

4. పారిపోయి వచ్చినోణ్ని ఎగతాళి చేయొద్దు. ముందు అన్నం పెట్టాలె, మరుసటి రోజు మాట్లాడాలె.

5. పిల్ల చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతరు. పిల్లల మీద ఏ హింస జరిగినా 1098.

6. కౌన్సెలర్ ఉన్నారా, శిక్షణ జరిగిందా అని గౌరవంగా, రాతపూర్వకంగా అడగాలె. సార్లతో కొట్లాట కోసం కాదు. వందమంది పిల్లలను ఒక్క వార్డెన్ ఎట్ల సముదాయిస్తడు? వాళ్లకూ సాయం కావాలె.

భీం భూమి కోసం, అడవి కోసం, నీళ్ల కోసం పోరాడిండు. ఆ పోరాటం వెనకనే బడి నడిచి వచ్చింది. ఇప్పుడు బడి ఉంది, బువ్వ ఉంది, పుస్తకం ఉంది. కానీ ఇంకా పిల్లలు చేన్లల్ల దాక్కుంటుండ్రు. ఈసారి ఆటో వచ్చిన రోజు పిల్లగాడు కనబడకపోతే, వెతకడానికి పోయేటోడు కట్టె పట్టుకొని పోవద్దు. పక్కన కూర్చొని, "ఏమైంది తమ్మీ?" అని అడగడానికి పోవాలె.

జోహార్ కుమురం భీం.