కళ్లారా చూసినవాళ్ల మాట

1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కముందే, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. పంజాబ్‌లో మార్షల్ లా పెట్టి పత్రికల నోరు కట్టేశారు. బాంబే క్రానికల్ సంపాదకుడు హార్నిమన్‌ను దేశం నుంచే పంపేశారు. అక్కడి ఘోరం ఆ నోటా ఈ నోటా బయటికి పొక్కింది. అలా విన్నదాంతోనే చలించిపోయిన ఠాగూర్ మే నెలాఖరున వైస్రాయికి లేఖ రాసి సర్ బిరుదు వదులుకున్నారు.

సర్కారు వేసిన హంటర్ కమిటీని కాంగ్రెస్ బహిష్కరించి సొంత విచారణకు దిగింది. గాంధీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ, జయకర్ 1,700 మందికి పైగా సాక్షుల మాటలు పరిశీలించి, 650 దాకా వాంగ్మూలాలను 1920లో అచ్చు వేయించారు. కాస్త అనుమానమున్న సంగతైనా నివేదికలోకి రాకూడదని గాంధీ పట్టుబట్టారు. సర్కారు మాటను నమ్మనివాళ్లు తమ పక్షం మాటను కూడా జల్లెడ పట్టారు. ఈ దేశంలో పౌర విచారణలకు గౌరవం తెచ్చింది ఆ నిష్ఠేనని నా నమ్మకం.

తెలుగునాట ఆ పద్ధతి ఎమర్జెన్సీ ముగిశాక గట్టిగా కనబడుతుంది. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975 జులైలో నలుగురు యువకులు చనిపోతే పోలీసులు దాన్ని ఎన్‌కౌంటర్ అన్నారు. 1977లో పౌరుల తరఫున తార్కుండే కమిటీ విచారణ జరిపి, వాళ్లను పట్టుకుని కాల్చేశారని తేల్చింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. అక్కడి శిబిరంలోనే జరిగిందంతా చెప్పుకున్నారు. ప్రత్యక్ష సాక్షి దుడ్డు అలీసమ్మను తర్వాత హత్య చేశారు. మనవాళ్లు నిజం చెప్పడానికి ఇంత మూల్యం చెల్లించారు.

ఠాగూర్ బస చేసిన మదనపల్లె, అలాగే కుప్పం 2015 నాటికి మన చిత్తూరు జిల్లాలోవే. అదే జిల్లాలో, ఆ ఏడాది ఏప్రిల్ 7న, శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కూలీలు రాళ్లు, గొడ్డళ్లతో మీద పడితే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. తొలి వార్తలు ఆ మాటతోనే వచ్చాయి. తర్వాత, తమతో వచ్చినవాళ్లను ముందురోజే బస్సులోంచి దింపి తీసుకుపోయారని, తాము ఎలాగో తప్పించుకున్నామని కొందరు కూలీలు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. తమిళం, తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే కుప్పంలో ఆ గోడు అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు. అయినా దాన్ని మోసుకుని ఢిల్లీ దాకా పోయింది తమిళనాడు హక్కుల సంఘాలవాళ్లు. మన జిల్లాలో జరిగిన మరణాలపై సాక్ష్యాన్ని మనం చేరదీయలేకపోయామన్నది నాకు నేటికీ బాధే.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. ఘోరమేదైనా మీ కళ్లముందు జరిగితే, పత్రికలో వచ్చింది తప్పనిపిస్తే, తేదీ, వేళ, చోటు ఆరోజే రాసిపెట్టండి. చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. వీడియో అసలు ఫైలును చెరపకుండా దాచండి. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది. ప్రాణభయం ఉంటే జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోండి.