రెండవ పూత

వర్జీనియా కొండప్రాంతంలో ఐరిస్‌లు మే నెలలో పూసి ముగుస్తాయి. కొన్నేళ్ళ క్రితం ఒక అక్టోబరులో మా పెరటి ఐరిస్ మొగ్గ తొడిగితే, ఋతువు తప్పిందేమోనని కంగారుపడ్డాను. దుంపనిచ్చిన పొరుగింటి పెద్దావిడ నవ్వి, దాని పేరు ‘ఇమ్మోర్టాలిటీ’ అనీ, ఏటికి రెండు మార్లు పూయడం దాని స్వభావమనీ చెప్పారు. పోయిన శీతకాలంలో ఆవిడ కన్నుమూశారు. ఈ వారం మళ్ళీ మొగ్గ వచ్చింది. దీని పుట్టుపూర్వోత్తరాలు వెదకబూనడానికి అదే కారణం.

ఐరిస్ దుంప చూపులకు అల్లం కొమ్ము; బ్రదుకు మాత్రం అరటిది. పూసిన కొమ్ము మళ్ళీ పూయదు, ప్రక్క పిలకలే వంశాన్ని నిలుపుతాయి. సాధారణ రకాలలో ఆ పిలకలు ఒక శీతకాలపు చలిని అనుభవిస్తే గాని పూకాడ వెయ్యవు. రెండు పూతల రకాలలో అవి త్వరగా ముదిరి, చలికై వేచి ఉండక, శరత్తులోనే కాడ వేస్తాయి. అందుకు వేసవిలోనూ నీరూ, ఎరువూ తప్పక అందాలి.

ఇంతకూ చిక్కంతా మంచుతోనే. చలి ముందుగా దిగే చోట మొగ్గ విచ్చకముందే మాడిపోతుంది. నెబ్రాస్కా వంటి కఠినమైన సీమలో వ్యవసాయం చేసుకున్న జర్మన్ వలసదారు హాన్స్ పీటర్ సాస్ 1924లో ‘ఆటమ్ కింగ్’ను వెలికి తేవడం అందుకే నాకు అబ్బురంగా తోస్తుంది. శరత్తులో సంకరం చేద్దామంటే కాయ ముదిరే లోపే మంచు కురుస్తుంది. వసంతంలో చేస్తే, విత్తు మొలిచి పూయడానికి రెండు మూడేళ్ళు. తల్లీ తండ్రీ రెండు మార్లు పూసేవే అయినా సంతానమంతా అలా పూయదు. సహనమే పెట్టుబడి!

కెనడాలో పుట్టి, మా వర్జీనియాలో సంగీతం బోధించిన లాయిడ్ జర్‌బ్రిగ్‌కు ఆ సహనం ఉంది. ‘ఇమ్మోర్టాలిటీ’ ఆయనదే, 1982లో నమోదైంది. అమరత్వమన్న పేరు నాకు కాస్త డాంబికంగానే వినిపిస్తుంది. పువ్వు నిలిచేది రెండు మూడు నాళ్ళే కదా.

నిన్న రాత్రి మంచు పడుతుందన్నారు. చీకట్లో టార్చిలైటుతో వెళ్ళి కాడ కోసి, వంటింటి కిటికీలో నీళ్ళసీసాలో పెట్టాను. తెల్లవారేసరికి ఒక మొగ్గ సగం విచ్చింది. వచ్చే జూలైలో దుంప విడదీసి, ఒక పిలకను ఆవిడ కూతురికి పంపాలి.