వాకపల్లి కేసు: మన పిల్లలు తెలుసుకోవాల్సిన చరిత్ర

బల్మూర్‌లో చదువుకునే చెంచుపెంటల పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు: "సారూ, దొంగను పోలీసు పడతడు. పోలీసే తప్పు చేస్తే ఎవరు పడతరు?" దీనికి జవాబు ఆదివాసీల చరిత్రలో వెతకాలి.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగుకు వచ్చారు. అక్కడ ఉండేది కోందులు, మన చెంచుల్లాగే ఆదిమ తెగ. పోలీసులు తమను చెరిచారని 11 మంది స్త్రీలు చెప్పారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదైంది ఆగస్టు 27న. ఒక్కరినీ అరెస్టు చేయలేదు. దర్యాప్తు చేసిందీ పోలీసులే.

ఆ స్త్రీలు వెనక్కి తగ్గలేదు. 2012లో హైకోర్టు 13 మందిని విచారించాలంది. 2017లో సుప్రీంకోర్టు ఆ విచారణ ఆగడానికి వీల్లేదంది. తీర్పు వచ్చేసరికి ఇద్దరు స్త్రీలు బతికి లేరు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 13 మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని అధికారులను తప్పుపట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది.

దర్యాప్తు చెడితే నిజం తేలే దారే మూసుకుపోతుంది. పదహారేళ్ల తర్వాత ఏ కోర్టూ దాన్ని తిరిగి తెరవలేదు.

అయితే ఓడిన కేసు వృథా పోదు. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలికను పోలీస్ స్టేషన్‌లోనే చెరిచారన్న కేసులో ఇద్దరు పోలీసులను 1978లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. దేశమంతా స్త్రీలు కదిలారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారానికి వేరుగా కఠిన శిక్ష వచ్చింది.

చట్టం నేడు ఏం చెబుతోందో మన యువత తెలుసుకోవాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి.

అందుకే మేము పెద్ద తరగతుల పిల్లలతో ఫిర్యాదు రాయిస్తున్నాం: తేదీ, వేళ, చోటు, చూసినవాళ్ల పేర్లు. ఒక నకలు ఇంట్లో దాచుకోమంటున్నాం. తప్పు చేసిన పోలీసును పట్టించడానికి మన చేతిలో మొదట ఉండాల్సింది ఆ కాగితమే.