లైను బాక్సులో ఒక సమ్మె

తాళంచెవి ఎక్కడ పెట్టిందో ముసలమ్మగారికి గుర్తు లేదు. మనవడు స్క్రూడ్రైవరుతో గొళ్ళెం పెకలిస్తున్నాడు. మీరు పెట్టెకు ఎదురుగా చాప మీద కూర్చున్నారు. బిలాస్‌పూర్ తోర్వాలో, ఆమె భర్త రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు. యార్డులో ఇంజను కూత వేసినప్పుడల్లా కిటికీ రెక్క సన్నగా అదురుతోంది. పెట్టె మీది నల్లరంగు పెచ్చులూడినా తెల్లటి అక్షరాలు చదవొచ్చు: పేరు, దాని కింద ‘గార్డు’, ఆ కింద బీఎస్‌పీ, అంటే బిలాస్‌పూర్.

ఇది లైను బాక్సు. గూడ్సు బండి వెనక బ్రేక్‌వ్యానులో గార్డుతో పాటు తిరిగే ఇనప్పెట్టె. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, ప్రమాదం ముంచుకొస్తే పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు, రూల్సు పుస్తకం ఇందులోనే. 2022లో రైల్వే శాఖ ‘గార్డు’ అన్న పేరే తీసేసి ‘ట్రైన్ మేనేజర్’ అంది. ఈ పెట్టె అంతకు చాలాముందే తుక్కు కిందికి పోయింది. ముసలమ్మగారి భర్త దాన్ని ఇంటికి తెచ్చుకుని కాగితాలు దాచుకున్నారు.

“కబాడీవోడికిచ్చీమంతాడు మావోడు. ఆయన సంతకాలున్నాయి గదా బాబూ, ఎలాగిచ్చీమంతావు?” అంటోందామె. మాట శ్రీకాకుళానిది. మనవడితో మాత్రం హిందీ.

మూత లేచింది. నాఫ్తలీన్ వాసన, తుప్పు వాసన, ఎండి పొడైన వేపాకు. పైవరసలో సోలాపురి మాత పండగ చందా పుస్తకాలు. ఊళ్ళోని బారా ఖోలీ దగ్గర ఏటా జరిగే ఈ పూజ రైల్వే తెలుగువాళ్ళ పెద్ద పండగ. రసీదుల మీద పేర్లు తెలుగులో, మొత్తాలు హిందీలో. కింద తెలుగు సంఘం మినిట్స్ బుక్కు. దాని కింద పైజామా నాడాతో కట్టిన కట్ట.

ముడి విప్పారు సరే, వరస మార్చకండి. తేదీలవారీగా సర్దేద్దామని చెయ్యి దురద పెడుతుంది. ఆర్కైవ్స్ మనుషులు మొదట అడ్డుకునేది ఆ దురదనే. ఎవరి కాగితాలు వాళ్ళ పేరునే ఉండాలి, వాళ్ళు పెట్టిన వరసలోనే ఉండాలి. ఎందుకో ఈ కట్టే చెబుతుంది. యూనియన్ చందా రసీదు, దాన్ని ఆనుకుని బంగారం కుదువ పెట్టిన చీటీ, ఆ వెనక ఆమదాలవలస నుంచి వచ్చిన మనియార్డరు కూపను. మూడింటి మీదా 1974. విడదీసి వేరు వేరు ఫైళ్ళలో పెడితే అవి ఉత్త రసీదులు. ఇలా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటే, జీతం ఆగిన ఇల్లు ఏం తిని బతికిందో చెబుతాయి. మామూలుగా ఇక్కడి నుంచి ఊరికి డబ్బు పోయేది. ఆ ఒక్క వేసవిలో ఊరి నుంచి ఇక్కడికి వచ్చింది.

అది దేశమంతా రైళ్ళు ఆగిన ఏడాది. జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో మే 8న మొదలైన సమ్మె 27న ముగిసింది. పాల్గొన్నవాళ్ళు దాదాపు 17 లక్షలు అంటారు. వేలమంది జైళ్ళకు వెళ్ళారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మీ చేతిలో ఉన్న టైపు కాగితం అలాంటి తొలగింపు ఉత్తర్వే. కార్బన్ ప్రతి, ఊదారంగు అక్షరాలు. దాని వెనకాలే 1977 నాటి కాగితం, మళ్ళీ చేర్చుకుంటున్నట్టు. జనతా ప్రభుత్వం వచ్చి మధు దండవతే రైల్వే మంత్రి అయ్యాక తొలగించినవాళ్ళను వెనక్కి తీసుకున్నారు.

“క్వార్టరు కాళీ సేసీమన్నారు. పిల్లల్నట్టుకుని ఊరెల్లిపోనాను,” అంటోందామె. ఈ మాట పెట్టెలో ఏ కాగితం మీదా లేదు. మనవడి ఫోనులో రికార్డు చేయించండి, ఇప్పుడే.

ఆ మే నెలలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన వి.వి. గిరి. ఈ లైనంతా ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీది. 1920ల చివర ఆ కంపెనీ కార్మికుల సమ్మెను నడిపించిన నాయకుడు ఆయనే. తెలుగువాళ్ళు ఇంతమంది ఇక్కడికి ఎందుకొచ్చారన్నదానికీ జవాబు ఆ కంపెనీయే. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా 1891 నాటికి దారి వేసింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు లైను దాని చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ షెడ్లు ఒకే యజమాని కింది కొలువులయ్యాయి. 1931లో రాయ్‌పూర్ - విజయనగరం లైను పూర్తయ్యాక ఊరు ఇంకా దగ్గరైంది.

1944లో ప్రభుత్వం ఆ కంపెనీని తీసుకుంది. దాని కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో పదిలంగా ఉన్నాయి. గిరి పత్రాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ గ్రంథాలయంలో ఉన్నాయి. కంపెనీకి చోటుంది, నాయకుడికి చోటుంది. గార్డుకే పెట్టె తప్ప చోటు లేదు. ఠాగూర్ ‘పలాతకా’లో ఈ బిలాస్‌పూర్ స్టేషను మీద ఒక కవిత ఉంది. అందులో రుక్మిణి ఒక కూలీ భార్య, కూతురి పెళ్ళికి పాతిక రూపాయలు కావాలి. కథ చెప్పేది మాత్రం ఆ డబ్బు ఎగ్గొట్టిన బాబు. రుక్మిణి తన మాటగా దాచిన కాగితం ఉంటే ఎలా ఉండేదో!

మామూలు కార్మికుల కాగితాలకు చోటివ్వడం జరగని పనేమీ కాదు. ఇంగ్లండులో కావెంట్రీ పక్కన వార్విక్ యూనివర్సిటీ 1973లో మోడరన్ రికార్డ్స్ సెంటర్ పెట్టింది. 1871లో పుట్టిన రైల్వే ఉద్యోగుల సంఘం రికార్డులు అందులో ఉన్నాయి. డెట్రాయిట్ కార్ల కార్మికులవి వేన్ స్టేట్ యూనివర్సిటీలోని రూథర్ లైబ్రరీలో ఉన్నాయి. మన దేశంలో నోయిడాలో గిరి పేరిటే ఉన్న లేబర్ ఇన్‌స్టిట్యూట్ 1998 నుంచి కార్మిక పత్రాలు సేకరిస్తోంది. జేఎన్‌యూలో పి.సి. జోషి ఆర్కైవ్స్ ఉంది.

బిలాస్‌పూర్‌కీ యూనివర్సిటీ ఉంది. ఊరవతల కోనీలో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం, 1983లో పెట్టారు, 2009లో సెంట్రల్ అయింది. ఈ పెట్టెను ఆటోలో వేసుకుని అక్కడి గ్రంథాలయానికి వెళ్ళారనుకోండి. పని తెలిసిన చోట మొదట పురుగు ఉందేమో చూస్తారు, తక్కిన పుస్తకాలకు దూరంగా పెడతారు. తుప్పు గుండుసూదులు ఒక్కొక్కటే తీస్తారు. ఆమ్లం లేని కవర్లలోకి, అట్టపెట్టెల్లోకి మారుస్తారు. ఇచ్చినవాళ్ళతో ఒప్పందం రాయిస్తారు: ఎవరు చూడొచ్చు, బంగారం చీటీలాంటివి ఎన్నేళ్ళు మూసి ఉంచాలి అని. చివరగా జాబితా. నా లెక్కలో జాబితాయే అసలు పని. ఏముందో తెలియని పెట్టె బీరువాలో ఉన్నా, కబాడీవాడి తుక్కు కొట్లో ఉన్నా తేడా లేదు. ఇక్కడ ఆ జాబితా రాసేవాడికి తెలుగూ రావాలి, హిందీ, ఇంగ్లీషూ రావాలి. అలాంటి పిల్లలు ఈ రైల్వే కాలనీల్లోనే చదువుకుంటున్నారు. వాళ్ళకు ఒక బల్ల, కొద్దిపాటి జీతం ఇస్తే చాలు. బిలాస్‌పూర్ గార్డు మీద థీసిస్ రాసే పిల్ల ఢిల్లీకో కావెంట్రీకో పోవలసిన ఖర్మ ఏమిటి?

ఖరగ్‌పూర్, టాటానగర్, రాయ్‌పూర్, వాల్తేరు, మీరు ఏ రైల్వే ఊళ్ళో ఉన్నా, ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే చినిగినచోట సెల్లోటేపు వెయ్యకండి, లామినేషన్ చేయించకండి, వరస కదపకండి. పెట్టె ఎవరిదో, ఏ షెడ్డులో ఏ పని చేశారో ఒక తెల్లకాగితం మీద రాసి లోపల పెట్టండి. తెలుగు సంఘాలు తమ మినిట్స్ బుక్కుల సంగతి ఈ ఏటి సర్వసభ్య సమావేశంలో ఎజెండాలో పెట్టి, దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు ఒక ఉత్తరం రాయాలి.