చరమాంగాలు (క్షీరదాలు)

చరమాంగాలు అనగా క్షీరదాల దేహంలో వెనుక భాగాన ఉండే జత కాళ్ళు. ముందున్న జతను పూర్వాంగాలు అంటారు. మానవునిలో పూర్వాంగాలు చేతులు, చరమాంగాలు కాళ్ళు. నిలుచున్న ఎద్దు బరువులో సగానికి పైగా ముందుకాళ్ళ మీద పడుతుంది. దేహాన్ని ముందుకు నెట్టే పనిలో మాత్రం వెనుకకాళ్ళదే ప్రధాన పాత్ర. చరమాంగ నిర్మాణం చాలావరకు ఈ పనికి అనుగుణంగానే ఉంటుంది.

శ్రోణి మేఖల

చరమాంగాలకు ఆధారం శ్రోణి మేఖల. ఇందులో ఒక్కొక్క వైపున ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు ఎముకలు కలిసిపోయి ఒకే తుంటి ఎముకగా ఏర్పడతాయి. ఇవి కలిసే చోట ఉలూఖలం అనే గుంట ఉంటుంది. తొడ ఎముక గుండ్రని తల ఈ గుంటలో అమరి బంతిగిన్నె కీలుగా పనిచేస్తుంది.

ఇలియం వెన్నెముకలోని త్రికాస్థితో గట్టిగా కలిసి ఉంటుంది. పూర్వాంగాలలో ఇటువంటి అమరిక లేదు. ఎద్దుకు జత్రుక లేదు. దాని ముందుకాళ్ళు కండరాలతోనే మొండేనికి అంటిపెట్టుకొని ఉంటాయి. పత్తి మార్కెట్టుకు పేరుపొందిన కరీంనగర్ జిల్లా జమ్మికుంట వంటి ప్రాంతాలలో రైతులు నాగలికీ, బండికీ ఎద్దులను కట్టేవారు. ఎద్దు వెనుకకాళ్ళతో నేలను తన్నినప్పుడు పుట్టే బలం తుంటి నుండి త్రికాస్థికి, అక్కడి నుండి వెన్నెముక గుండా ముందుకు సాగి మెడ మీది కాడికి చేరుతుంది.

కాలి ఎముకలు

చరమాంగంలో పై నుండి క్రిందికి ఈ ఎముకలు ఉంటాయి.

* తొడ ఎముక (ఒకటి)
* మోకాలి చిప్ప
* ముంగాలి ఎముకలు: అంతర్జంఘిక, బహిర్జంఘిక
* చీలమండ ఎముకలు (మానవునిలో 7)
* అరికాలి ఎముకలు
* వేళ్ళ ఎముకలు

ఎద్దు, మేక, జింకలలో బహిర్జంఘిక బాగా క్షీణించింది. మూడవ, నాలుగవ అరికాలి ఎముకలు కలిసి ఒకే పొడవాటి ఎముక అయ్యాయి. గుర్రంలో మూడవ వేలు ఒక్కటే నేలను తాకుతుంది.

ఎద్దు మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది భావిస్తారు. అది నిజానికి మోకాలు కాదు, చీలమండ. వెనక్కి పొడుచుకొని కనిపించే గూడ మడమ ఎముక. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా ఉండి, మనిషి మోకాలి వలెనే ముందుకు వంగుతుంది.

నడక రకాలు

పాదం ఎంత భాగం నేలకు ఆనుతుందన్న దానిని బట్టి నడకను మూడు రకాలుగా విభజిస్తారు. ఈ మూడింటికీ ఉదాహరణలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ అడవిలోనే ఉన్నాయి. ఈ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు.

* ఎలుగుబంటి, మనిషి వలెనే, వెనుక పాదం మడమతో సహా ఆనించి నడుస్తుంది. నిలకడ ఎక్కువ, వేగం తక్కువ.
* పులి మడమ ఎత్తి వేళ్ళ మీద నడుస్తుంది. దాని ముందు పాదానికి 5, వెనుక పాదానికి 4 వేళ్ళు ఉంటాయి.
* చుక్కల దుప్పి, మనుబోతు వేళ్ళ కొనలలోని గిట్టల మీద నడుస్తాయి.

మడమ పైకి లేచిన కొద్దీ కాలు పొడవు పెరిగి అంగ పెద్దదవుతుంది.

కండరాలు

పిరుదు కండరాలు, తొడ వెనుక కండరాలు తొడను వెనక్కి లాగుతాయి. తొడ ముందు కండరాలు మోకాలిని చాపుతాయి. పిక్క కండరం స్నాయుబంధనం ద్వారా మడమ ఎముకను పైకి లాగుతుంది. పరుగులో ఈ స్నాయుబంధనం సాగి, తిరిగి ముడుచుకుంటూ స్ప్రింగు వలె శక్తిని తిరిగి ఇస్తుంది. గిట్టల జంతువులలో బరువైన కండరాలు తుంటి దగ్గరే ఉండి, కాలి చివర తేలికగా ఉంటుంది. అందువల్ల కాలిని త్వరగా ఊపడం సులభం.

పరిణామం

పశువులు, మేకలు, జింకల చీలమండలో ఒక ఎముకకు రెండు కొనలలోనూ గిలక వంటి ఆకారం ఉంటుంది. పాకిస్తాన్‌లో దొరికిన, కాళ్ళున్న ప్రాచీన తిమింగలాల శిలాజాలలోనూ ఇదే ఎముక ఉన్నట్లు 2001లో వెల్లడైంది. తిమింగలాలు సరిసంఖ్య వేళ్ళ గిట్టల జంతువుల నుండి వచ్చాయనడానికి ఇది బలమైన ఆధారం. నేటి తిమింగలాలలో చరమాంగాల అవశేషాలుగా చిన్న ఎముకలు మాత్రమే దేహంలోపల మిగిలాయి.

పశువైద్యంలో ప్రాధాన్యం

ఆవులు, గేదెలలో కొన్నిసార్లు మోకాలి చిప్ప పైకి జరిగి తొడ ఎముక అంచుకు తగులుకుంటుంది. అప్పుడు పశువు కాలు మడవలేక, వెనక్కి చాచి గిట్టను నేల మీద ఈడుస్తుంది. లోపలి వైపు సంధిబంధనాన్ని కోయడం ద్వారా పశువైద్యులు దీనిని సరిచేస్తారు. చీలమండనే మోకాలిగా భావించి అక్కడ మర్దన చేస్తే ప్రయోజనం ఉండదు.

జబ్బవాపు అనే బాక్టీరియా వ్యాధిలో తొడ, భుజాల పెద్ద కండరాలు వాచి, నొక్కితే కరకర శబ్దం వస్తుంది. వ్యాధి సోకిన పశువు తరచుగా ఒకటి రెండు రోజులలోనే మరణిస్తుంది. కనుక వర్షాకాలానికి ముందే టీకా వేయించడం అవసరం.